క్యూఎమ్యూలో నడుస్తుంది, బోర్డు మీద చస్తుంది: అన్‌అలైన్డ్ యాక్సెస్ పట్టుకునే దారేది?

చిన్నికెర్నల్ · శుక్రవారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఆరు నెలలుగా రాస్ప్‌బెర్రీ పై 3 మీద సొంతంగా ఒక బుల్లి ఓఎస్ రాసుకుంటున్నాను. పగలు ఉద్యోగం, రాత్రి ఇది. యూఆర్ట్ (సీరియల్ పోర్ట్), టైమర్, ఎస్‌డీ కార్డ్ డ్రైవర్ వరకు బానే వచ్చాయి. ఇప్పుడు కార్డులో ఉన్న ఫ్యాట్32 పార్టిషన్ చదివి ఫైళ్ల పేర్లు చూపించే పని మీద ఉన్నాను.

క్యూఎమ్యూలో (బోర్డు బదులు కంప్యూటర్‌లోనే నడిపే ఎమ్యులేటర్) పేర్లన్నీ చక్కగా వస్తున్నాయి. అదే ఇమేజ్ కార్డులో వేసి బోర్డుకి పెడితే "ఫ్యాట్ మౌంట్ చేస్తున్నా" అన్న లైన్ వచ్చి అంతే. ఎర్రర్ లేదు, రీబూట్ లేదు, కదలదు. ఎక్సెప్షన్ హ్యాండ్లర్ రాశాను, అది కూడా ఏమీ ప్రింట్ చేయట్లేదు. ఎమ్ఎమ్‌యూ (మెమరీని పేజీలుగా చూపించే హార్డ్‌వేర్) ఇంకా ఆన్ చేయలేదు. కంపైలర్ జీసీసీ, ఓ2 ఆప్టిమైజేషన్.

ఎవరో అన్‌అలైన్డ్ యాక్సెస్ (డేటా సైజుకి సరిపడని అడ్రస్ నుంచి చదవడం, రెండు బైట్లని బేసి అడ్రస్ నుంచి లాగడం లాంటిది) అయ్యుండొచ్చు అన్నారు. కానీ కంట్రోల్ రిజిస్టర్‌లో అలైన్‌మెంట్ చెక్ బిట్ సున్నాలోనే ఉంది, చూసుకున్నాను. మరి ఫాల్ట్ ఎందుకొస్తుంది? అసలు అదో కాదో ఎలా తేల్చుకోవాలి? మూడు రాత్రులైంది, నిద్ర లేదు.

రింగ్‌జీరో · 11:52

అందుకే నేను ఎక్స్86 దాటి బయటికి రాను 😄 బేసి అడ్రస్ ఇచ్చినా నోరెత్తకుండా చదివి పెడుతుంది. కావాలంటే చెక్ కూడా పెట్టుకోవచ్చు: సీఆర్0లో ఏఎమ్ బిట్, ఈఫ్లాగ్స్‌లో ఏసీ బిట్, రెండూ 18వ బిట్లే. తప్పు జరిగితే 17వ నంబర్ ఎక్సెప్షన్ వస్తుంది. 486 నాటి నుంచి ఉంది. ఆర్మ్‌లో ఇంత టెన్షన్ ఎందుకో.

ఎర్రర్‌బాబాయ్ · శనివారం ఉదయం 6:15

రింగ్‌జీరో, నీ పేరులోనే ఉంది చిక్కు. ఆ 17వ ఎక్సెప్షన్ రింగ్ 3లో, అంటే యూజర్ ప్రోగ్రాముల లెవెల్‌లో నడిచే కోడ్‌కే వస్తుంది. కెర్నల్ నడిచేది రింగ్ 0లో. అక్కడ రెండు బిట్లూ పెట్టినా ఎవడూ నిన్ను ఆపడు. పైగా ఎస్‌మ్యాప్ (కెర్నల్ పొరపాటున యూజర్ మెమరీని ముట్టుకోకుండా ఆపేది) వచ్చాక కెర్నల్ మోడ్‌లో ఏసీ బిట్‌కి వేరే పని అప్పజెప్పారు, యూజర్ మెమరీని ముట్టుకునే ముందు వేసి, అయ్యాక తీసేస్తారు. కాబట్టి నీ కెర్నల్‌లో తప్పులు లేవని కాదు, చెప్పేవాడు లేడు.

చిన్నీ, నీ విషయానికొస్తే ముందు హ్యాండ్లర్ ఎందుకు పలకలేదో చూడు. ఫాల్ట్ వచ్చిందో లేదో తెలియకుండా ఏ వైద్యమూ కుదరదు. వెక్టర్ టేబుల్ (ఎక్సెప్షన్ వస్తే సీపీయూ దూకే గడుల పట్టిక) ముందు అలైన్ డైరెక్టివ్ ఎంత ఇచ్చావు?

చిన్నికెర్నల్ · 8:05

అలైన్ 8 బాబాయ్. ఏదో ట్యుటోరియల్‌లో చూసినట్టు గుర్తు.

శ్రావ్య_ఆర్మ్ · 8:31

అక్కడే దొరికారు. ఆర్మ్ 64లో జీఎన్‌యూ అసెంబ్లర్‌కి అలైన్ 8 అంటే ఎనిమిది బైట్లు కాదు, 2 పవర్ 8, అంటే 256 బైట్లు. వెక్టర్ టేబుల్‌కి 2048 కావాలి. కాబట్టి అలైన్ 11 రాయాలి. టేబుల్ అడ్రస్ ఉండే వీబార్ రిజిస్టర్‌లో కింది 11 బిట్లనీ సీపీయూ పట్టించుకోదు. ఇమేజ్‌ని ఆబ్జ్‌డంప్‌తో విప్పి టేబుల్ ఏ అడ్రస్‌లో కూర్చుందో చెప్పండి.

చిన్నికెర్నల్ · 9:10

హెక్స్‌లో 80900 శ్రావ్య గారూ.

శ్రావ్య_ఆర్మ్ · 9:24

అంటే సీపీయూ దాన్ని 80800 అనుకుంటోంది. మీరు ఈఎల్1లో (కెర్నల్ నడిచే లెవెల్) సొంత స్టాక్ పాయింటర్‌తో ఉన్నారు కాబట్టి సింక్రనస్ ఎక్సెప్షన్ వస్తే టేబుల్ మొదటి నుంచి హెక్స్ 200 దూరంలో ఉన్న గడికి దూకాలి. మొదలు హెక్స్ 100 వెనక్కి జరిగింది కనుక దూకిన చోటు మీ అసలు టేబుల్‌లో హెక్స్ 100 దగ్గరి గడి. అది ఎఫ్ఐక్యూ (ఫాస్ట్ ఇంటరప్ట్) గడి, ఈఎల్0 స్టాక్ వాడేటప్పటిది. ఎవరూ వాడరు. అక్కడ ఏం రాశారు?

చిన్నికెర్నల్ · 9:30

వాడని గడులన్నింట్లో తనలోకి తనే దూకే అనంత లూప్ 🤦 అందుకే చడీచప్పుడు లేకుండా ఆగిపోతోంది!!

పై_పిచ్చి · 9:41

అలైన్‌మెంట్ తప్పు పట్టుకోడానికి పెట్టిన టేబుల్‌కే అలైన్‌మెంట్ లేదన్నమాట. ఇంట్లో దొంగని కాపలా పెట్టినట్టుంది.

చిన్నికెర్నల్ · 10:48

అలైన్ 11 పెట్టి బోర్డు మీద వేశాను. ఇదిగో, మొదటిసారి మాట్లాడింది:

ఈఎస్ఆర్ = 96000021
ఎఫ్ఏఆర్ = 90011
ఈఎల్ఆర్ = 80654

(అన్నీ హెక్స్. ఈఎస్ఆర్ అంటే ఫాల్ట్ కారణం, ఎఫ్ఏఆర్ అంటే ముట్టుకోబోయిన అడ్రస్, ఈఎల్ఆర్ అంటే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉన్న చోటు)

ఎర్రర్‌బాబాయ్ · 11:05

96000021. ఈ నంబర్ నాకు కంఠతా వచ్చు. పై ఆరు బిట్లు హెక్స్ 25: ఉన్న లెవెల్‌లోనే డేటా అబార్ట్. కింది ఆరు బిట్లు హెక్స్ 21: అలైన్‌మెంట్ ఫాల్ట్. చదవబోయి పడ్డావు. రాయబోయి పడి ఉంటే 96000061 వచ్చేది, ఆరో బిట్ తేడా.

నీ సెక్టర్ బఫర్ 90000లో ఉందా?

చిన్నికెర్నల్ · 11:09

ఉంది బాబాయ్. కోడ్ చూడకుండా ఎలా చెప్పారు?

ఎర్రర్‌బాబాయ్ · 11:20

హెక్స్ 11 అంటే 17. ఫ్యాట్ బూట్ సెక్టర్‌లో 17వ బైట్ దగ్గర రూట్ ఎంట్రీల సంఖ్య ఉంటుంది, రెండు బైట్లది. ఫ్యాట్32 అయితే అది సున్నా. నువ్వు ఏ రకం ఫ్యాటో తేల్చడానికి ముందుగా అదే చదివి ఉంటావు. ఆ సెక్టర్ నక్షా గీసినవాళ్లు ఆర్మ్ గురించి కలగని ఉండరు. సెక్టర్‌కి ఎన్ని బైట్లో చెప్పే ఫీల్డ్ 11లో, ఇది 17లో, మొత్తం సెక్టర్ల సంఖ్య 19లో. రెండు బైట్ల అంకెలు మూడూ బేసి చోట్ల కూర్చున్నాయి. ఇది దాటినా మిగతా రెండూ నీ కోసం కాచుక్కూర్చున్నాయి.

చిన్నికెర్నల్ · 11:34

నిజమే, మొదటి ఇఫ్ అదే. కానీ బూట్ సెక్టర్ స్ట్రక్ట్‌కి ప్యాక్డ్ (ఫీల్డుల మధ్య ఖాళీలు వదలొద్దని) అని పెట్టాను కదా. ప్యాక్డ్ అంటే కంపైలర్ జాగ్రత్తగా చదువుతుంది అనుకున్నా. ఇంకో డౌట్, చెక్ బిట్ సున్నా అయినా ఫాల్ట్ ఎలా?

శ్రావ్య_ఆర్మ్ · 12:15

రెండో డౌట్ ముందు. ఆ అలైన్‌మెంట్ చెక్ బిట్ (పేరు ‘ఏ’ బిట్) వర్తించేది మామూలు మెమరీకి, అంటే నార్మల్ అని గుర్తు పెట్టిన పేజీలకి. ఎమ్ఎమ్‌యూ ఆఫ్‌లో ఉంటే పేజీలే లేవు, నార్మల్ అని చెప్పేవాడే లేడు. అప్పుడు సీపీయూ మీ ర్యామ్ మొత్తాన్ని డివైస్ మెమరీగా చూస్తుంది, అందులోనూ అన్నిటికన్నా కఠినమైన రకంగా. డివైస్ మెమరీ మీద అన్‌అలైన్డ్ యాక్సెస్ చేస్తే ఫాల్ట్ ఖాయం. బిట్ ఎలా ఉన్నా సంబంధం లేదు. పాత క్యూఎమ్యూ ఈ రూల్ పట్టించుకునేది కాదు, ఈమధ్య వెర్షన్లలో చేర్చారు. మీది డిస్ట్రోతో వచ్చిన పాతదై ఉంటుంది.

ఇక ప్యాక్డ్. 80654 దగ్గర డిస్అసెంబ్లీ చూడండి. ఎల్‌డీయూఆర్‌హెచ్ (రెండు బైట్లు చదివే ఇన్‌స్ట్రక్షన్) కనిపిస్తుందని పందెం. మామూలు ఎల్‌డీఆర్‌హెచ్‌లో ఆఫ్‌సెట్ రెండు గుణిజంగానే ఉండాలి, 17 పట్టదు. అందుకని జీసీసీ మధ్యలో యూ ఉన్న దాన్ని తీసుకుంటుంది. ప్యాక్డ్ వల్ల దీనికి అలైన్‌మెంట్ గ్యారంటీ లేదని దానికి తెలుసు. కానీ ఆర్మ్ 64 హార్డ్‌వేర్ అన్‌అలైన్డ్ తట్టుకుంటుందన్న నమ్మకంతో ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో లాగేస్తుంది. ఎమ్ఎమ్‌యూ ఆఫ్‌లో ఉందని దానికేం తెలుసు? మీరే చెప్పాలి. కంపైలర్‌కి స్ట్రిక్ట్ అలైన్ ఫ్లాగ్ ఇవ్వండి, ముందు ఎమ్ తగిలించి. 32 బిట్ ఆర్మ్ అయితే దానికి బదులు నో అన్‌అలైన్డ్ యాక్సెస్ అనే ఫ్లాగ్.

చిన్నికెర్నల్ · 12:52

పందెం మీదే. ఎల్‌డీయూఆర్‌హెచ్ 17. ఫ్లాగ్ పెట్టాక అదే చోట రెండు ఎల్‌డీఆర్‌బీలు, ఒక ఓఆర్‌ఆర్ వచ్చాయి. బైట్ బైట్‌గా చదివి అతికిస్తోంది.

కానీ ఇప్పుడు ఇంకా ముందే పోయింది. యూఆర్ట్ నుంచి అక్షరాల మధ్యలో చెత్త వస్తోంది. ఫ్లాగ్ తీసేస్తే యూఆర్ట్ బాగుపడుతుంది, ఫ్యాట్ చస్తుంది. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

శ్రావ్య_ఆర్మ్ · 1:03

యూఆర్ట్ రిజిస్టర్ల స్ట్రక్ట్‌కి కూడా ప్యాక్డ్ పెట్టారా?

చిన్నికెర్నల్ · 1:05

...పెట్టాను. అన్నిటికీ పెట్టాను, సేఫ్ కదా అని.

శ్రావ్య_ఆర్మ్ · 1:22

తీసేయండి. ప్యాక్డ్ అంటే ఈ ఫీల్డ్‌కి అలైన్‌మెంట్ ఒక బైటే అని ఒప్పుకోవడం. స్ట్రిక్ట్ అలైన్ తోడైతే 32 బిట్ల రిజిస్టర్‌లోకి ఒక్క రాత నాలుగు బైట్ రాతలు అవుతుంది. ర్యామ్ అయితే తేడా ఉండదు. కానీ డేటా రిజిస్టర్‌లోకి రాసిన ప్రతిసారీ ఆ చిప్ ఒక అక్షరం పంపమన్నారని అనుకుంటుంది. వొలటైల్ రాసినా కాపాడదు. రిజిస్టర్ స్ట్రక్ట్‌లలో ఫీల్డులన్నీ 32 బిట్లవే అయితే ప్యాక్డ్ అవసరమే లేదు, మధ్యలో ఖాళీలు రావు.

డిస్క్ మీద ఉండే వాటికే ప్యాక్డ్ వాడండి. హార్డ్‌వేర్ రిజిస్టర్లకి వద్దు. నేనైతే రిజిస్టర్లకి స్ట్రక్టే వాడను, చదవడానికొకటి, రాయడానికొకటి రెండు చిన్న ఫంక్షన్లు పెట్టుకుంటాను.

ఎర్రర్‌బాబాయ్ · 3:40

భోజనం చేసి వచ్చేసరికి చాలా దూరం వెళ్లారు. మధ్యలో ఒక పాత కథ.

మేం చదువుకునేటప్పుడు మా ల్యాబ్‌లో 68000 ట్రైనర్ కిట్ ఉండేది. బేసి అడ్రస్ నుంచి వర్డ్ చదివితే అడ్రస్ ఎర్రర్, వెక్టర్ నంబర్ 3, మొహమాటం లేదు. ఆ క్రమశిక్షణతో ఉద్యోగంలో చేరితే ఆర్మ్9 బోర్డు చేతికిచ్చారు, ఓఎస్ లేకుండా మా సొంత కోడే. దాంట్లో చెక్ బిట్ ఆఫ్. అది ఫాల్టూ ఇవ్వదు, సరిగానూ చదవదు. మెమరీలో వరుసగా 11, 22, 33, 44, 55 అని బైట్లున్నాయనుకో. రెండో బైట్ నుంచి నాలుగు బైట్లు అడిగితే 55443322 రావాలి. అది ఇచ్చేది 11443322. అలైన్ అయిన వర్డ్‌నే చదివి గుండ్రంగా తిప్పి ఇచ్చేస్తుంది. మూడు బైట్లు కరెక్ట్, పై బైట్ ఒక్కటే తప్పు. మేం చదివే అంకెలు చిన్నవి, పై బైట్ ఎప్పుడూ సున్నాయే. పక్క ఫీల్డ్ కూడా సున్నా ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఒకరోజు పక్క ఫీల్డ్‌లో ఏదో పడింది, రీడింగ్ కోట్లలోకి పోయింది. పది రోజులు సెన్సర్‌ని తిట్టుకున్నాం.

కాబట్టి చిన్నీ, ఫాల్ట్ వచ్చినందుకు సంతోషించు.

రిస్క్‌రాజు · 4:12

రిస్క్-ఫైవ్ వాళ్ల బాధ ఇంకో రకం బాబాయ్. హార్డ్‌వేర్ తట్టుకోకపోతే స్పెక్ ప్రకారం తప్పు లోడ్‌కి కాజ్ 4, తప్పు స్టోర్‌కి కాజ్ 6 రావాలి, ఎమ్‌టీవాల్ రిజిస్టర్‌లో అడ్రస్. కానీ కింద ఓపెన్ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ కూర్చుని ఉంటుంది. ట్రాప్ దానికి చేరుతుంది, అది బైట్ బైట్‌గా చదివి రిజిస్టర్‌లో పెట్టి ఏమీ జరగనట్టు వెనక్కి పంపుతుంది. నా కెర్నల్‌కి కబురే రాదు. ఒక లోడ్‌కి మామూలుగా పట్టే టైమ్ ఎక్కడ, ట్రాప్ తీసుకుని, ఇన్‌స్ట్రక్షన్ డీకోడ్ చేసి వచ్చే టైమ్ ఎక్కడ. నెట్‌వర్క్ డ్రైవర్ నత్తలా ఉంటే నా కోడ్ మీదే అనుమానపడ్డాను.

ఎస్‌బీఐ పీఎమ్‌యూలో (ఇలాంటివి లెక్కపెట్టే కౌంటర్లు) ఫర్మ్‌వేర్ ఈవెంట్లు ఉంటాయి, 0వది మిస్అలైన్డ్ లోడ్, 1వది మిస్అలైన్డ్ స్టోర్. ఆ కౌంటర్ ఆన్ చేస్తే పరుగులు పెడుతోంది. ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కదా, దాని వెనక వచ్చే ఐపీ హెడర్ నాలుగుకి సరిపడక రెండు బైట్లు పక్కకి జరుగుతుంది. బఫర్ మొదట్లో రెండు బైట్లు వదిలేసి ప్యాకెట్ దింపుకుంటే సరి. లినక్స్‌లో నెట్ ఐపీ అలైన్ అని 2 అంకె కనిపించేది అందుకే.

చిన్నికెర్నల్ · రాత్రి 9:50

అప్‌డేట్. యూఆర్ట్ బాగుపడింది. ఫ్యాట్ మౌంట్ అయింది! రూట్ డైరెక్టరీలో మొదటి పేరు కూడా వచ్చింది. తర్వాత మళ్లీ 96000021. ఈసారి ఎఫ్ఏఆర్ 90221. డైరెక్టరీ బఫర్ 90200లో ఉంది. స్ట్రిక్ట్ అలైన్ ఉంది, స్ట్రక్ట్‌కి ప్యాక్డ్ ఉంది. ఇంకేం చేయాలి?

శ్రావ్య_ఆర్మ్ · 10:14

90200, దానికి హెక్స్ 20 కలిపితే రెండో ఎంట్రీ, దాని మీద 1. ఒక్కో ఎంట్రీ 32 బైట్లు. పొడుగు పేరు ఎంట్రీ అయ్యుంటుంది. రాస్ప్‌బెర్రీ పై కార్డు కాబట్టి డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాల) ఫైల్ పేరు పొడుగ్గా ఉంటుంది, ఎనిమిది ప్లస్ మూడులో పట్టదు. ఆ ఎంట్రీలో పేరు ముక్కలు 1, 14, 28 బైట్ల దగ్గర మొదలవుతాయి: ఐదు అక్షరాలు, ఆరు, రెండు. మొదటి ముక్కే బేసి చోటు.

ఆ ముక్కని ఎలా కాపీ చేస్తున్నారు?

చిన్నికెర్నల్ · 10:20

16 బిట్ల పాయింటర్ తీసుకునే ఫంక్షన్ ఒకటి రాశాను. దానికి నేమ్1 మొదటి ఎలిమెంట్ అడ్రస్ పంపిస్తున్నా. ఆ ఫంక్షన్ లోపల లూప్.

శ్రావ్య_ఆర్మ్ · 10:47

ఇదీ అసలు సంగతి. స్ట్రక్ట్ పేరుతో చదివినంతసేపూ ప్యాక్డ్ అన్న కబురు కంపైలర్ దగ్గర ఉంటుంది. అడ్రస్ తీసి మామూలు 16 బిట్ల పాయింటర్‌లో పెట్టిన క్షణం ఆ కబురు పోయింది. మీ ఫంక్షన్‌కి వచ్చిన పాయింటర్ రెండుకి సరిపడే ఉందని సీ భాష రూల్ ప్రకారం అది నమ్ముతుంది. స్ట్రిక్ట్ అలైన్ ఫ్లాగ్ కంపైలర్‌కి తెలిసిన అన్‌అలైన్డ్‌నే సరిచేస్తుంది. దానికి మీరు అబద్ధం చెప్తే ఏ ఫ్లాగూ ఏమీ చేయలేదు.

బిల్డ్ చేసినప్పుడు ప్యాక్డ్ మెంబర్ అడ్రస్ తీసుకున్నారని వార్నింగ్ రాలేదా? జీసీసీ 9 నుంచి ఇస్తోంది.

చిన్నికెర్నల్ · 10:52

వార్నింగ్స్ నలభై దాకా ఉన్నాయండీ... చూడట్లేదు 🙈

ఎర్రర్‌బాబాయ్ · 10:58

నలభై వార్నింగ్‌లు పెట్టుకుని మూడు రాత్రులు నిద్ర మానేశావా నాయనా.

శ్రావ్య_ఆర్మ్ · 11:30

వార్నింగ్ కూడా అన్నీ పట్టదు. బఫర్‌కి 454 కలిపి 32 బిట్ల పాయింటర్‌గా క్యాస్ట్ చేసి పార్టిషన్ మొదలు చదివేవాళ్లు బోలెడు మంది. 454 నాలుగుతో భాగం పోదు. అక్కడ ప్యాక్డే లేదు, ఆ వార్నింగ్ రాదు. క్యాస్ట్ అలైన్ వార్నింగ్‌ని స్ట్రిక్ట్‌తో పెడితే వస్తుంది, కానీ దాంతో పాటు అనవసరమైనవీ చాలా అరుస్తాయి.

నా పద్ధతి యూబీశాన్, అంటే నడిచేటప్పుడు సీ రూల్స్ తప్పితే పట్టుకునే కంపైలర్ చెక్‌లు. కంపైలర్‌కి శానిటైజ్ ఈక్వల్స్ అలైన్‌మెంట్ అని ఇవ్వండి. ప్రతి పాయింటర్ వాడకం ముందు అది ఒక చెక్ పెట్టి, తప్పయితే టైప్ మిస్‌మ్యాచ్ వీ1 అనే హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. కెర్నల్‌లో లైబ్రరీ ఉండదు కాబట్టి ఆ ఫంక్షన్ మీరే రాసుకోవాలి, ముప్పై లైన్లు కూడా ఉండదు. మొదటి ఆర్గ్యుమెంట్‌లో ఫైల్ పేరు, లైన్ నంబర్, టైప్ పేరు, అలైన్‌మెంట్ ఎంతో లాగరిథమ్‌గా ఉంటాయి. రెండోది పాయింటర్. పాయింటర్ సున్నా అయితే నల్ తప్పు. కింది బిట్లు మిగిలి ఉంటే అలైన్‌మెంట్ తప్పు.

దీని అందం ఏంటంటే, ప్యాక్డ్ ద్వారా సవ్యంగా చదివితే నోరెత్తదు. మీరిప్పుడు చేసినలాంటి అబద్ధపు పాయింటర్‌నే పట్టుకుంటుంది. అంటే స్ట్రిక్ట్ అలైన్ ఎక్కడ చేతులెత్తేస్తుందో సరిగ్గా అక్కడ. హార్డ్‌వేర్‌తో సంబంధం లేదు కాబట్టి మీ పాత క్యూఎమ్యూలో కూడా అరుస్తుంది. ఒక్క జాగ్రత్త: హ్యాండ్లర్ ఉన్న ఫైల్‌నీ, యూఆర్ట్ ఫైల్‌నీ ఆ ఫ్లాగ్ లేకుండా కంపైల్ చేయండి. లేకపోతే ప్రింట్ చేయబోయి అదే తప్పులో పడి తన్ను తానే పిలుచుకుంటూ పోతుంది. నాకు జరిగింది.

పై_పిచ్చి · 11:44

హ్యాండ్లర్ రాయడం బద్ధకమైతే ట్రాప్ మోడ్ ఉంది, బీఆర్‌కే ఇన్‌స్ట్రక్షన్ పెట్టేస్తుంది. ఈఎల్ఆర్‌ని యాడ్ర్2లైన్ టూల్‌కి ఇస్తే లైన్ దొరుకుతుంది.

క్యూఎమ్యూలో ఇంకోటి: డీబగ్ బిల్డ్‌లో కంట్రోల్ రిజిస్టర్ ‘ఏ’ బిట్ (1వ బిట్) మీరే 1 చేసేయండి. క్యూఎమ్యూ దాన్ని గౌరవిస్తుంది. స్టాక్ కోసం 3వ బిట్, ఎస్ఏ. దాంతో స్టాక్ పాయింటర్ 16కి సరిపడకపోతే వేరే కోడ్‌తో ఫాల్ట్ వస్తుంది, హెక్స్ 26.

రింగ్‌జీరో · ఆదివారం ఉదయం 10:02

ఎమ్ఎమ్‌యూ ఆన్ చేస్తే గొడవే ఉండదు కదా? ర్యామ్ నార్మల్ అవుతుంది, ‘ఏ’ బిట్ సున్నా. ఇంత తతంగం ఎందుకు?

శ్రావ్య_ఆర్మ్ · 10:25

ఫాల్ట్ చాలావరకు పోతుంది, నిజమే. ఎప్పటికైనా ఆన్ చేయాల్సిందే, కాష్ లేకుండా రాస్ప్‌బెర్రీ పై చాలా స్లో. కానీ ఎమ్ఎమ్‌యూ ఆన్ చేసేదాకా నడిచే బూట్ కోడ్ ఉంటుంది. లాక్‌లకి వాడే ఎక్స్‌క్లూజివ్ లోడ్ స్టోర్‌లు నార్మల్ మెమరీలో కూడా అలైన్ అయి ఉండాలి, మీ స్పిన్‌లాక్ ప్యాక్డ్ స్ట్రక్ట్‌లో ఉంటే అక్కడ పేలుతుంది. అందుకని తప్పులు ముందు దిద్దుకుని తర్వాత ఆన్ చేయమంటాను. ఆన్ చేశాక కనబడవు.

ఎర్రర్‌బాబాయ్ · 10:40

లాక్ అంటే గుర్తొచ్చింది. ఎక్స్86లో లాక్ ఇన్‌స్ట్రక్షన్ 64 బైట్ల కాష్ లైన్ సరిహద్దు మీద పడితే బస్ మొత్తాన్ని ఆపేస్తుంది, మిగతా కోర్‌లు కూడా నిలబడాలి. దాన్ని స్ప్లిట్ లాక్ అంటారు. కొత్త ఇంటెల్ చిప్‌లలో దానికి విడిగా ఒక బిట్ ఇచ్చారు, అదే 17వ ఎక్సెప్షన్, కానీ ఇది రింగ్ 0లో కూడా వస్తుంది. లినక్స్ 2020లో 5.7 వెర్షన్‌తో వాడటం మొదలుపెట్టింది. నీ రింగ్‌లో చెప్పేవాడు ఇన్నాళ్లకి ఒకడు దొరికాడు, అదీ లాక్‌ల వరకే.

చిన్నికెర్నల్ · మధ్యాహ్నం 2:35

యూబీశాన్ పెట్టాను. హ్యాండ్లర్ 22 లైన్లు. బూట్ చేయగానే నాలుగు చోట్ల అరిచింది. నేమ్1 సరే. ఇంకోటి డివైస్ ట్రీలో మెమరీ సైజ్: అక్కడ అన్నీ నాలుగు బైట్ల లెక్కలో ఉంటాయి, నేను 64 బిట్లు ఒకేసారి లాగుతున్నా. ఇంకా దాని దాకా బూటే పోలేదు, పోయుంటే మళ్లీ ఒక రాత్రి. మిగతా రెండూ నా హీప్ అలొకేటర్‌వి, హెడర్ 12 బైట్లు పెట్టాను, ఇచ్చే ప్రతి బ్లాకూ పక్కకి జరిగి ఉంది. 16 చేశాను.

16, 32, 64 బిట్లు చదవడానికి మెమ్‌కాపీతో మూడు ఇన్‌లైన్ ఫంక్షన్లు రాసి క్యాస్ట్‌లన్నీ వాటితో మార్చాను. ఎంబీఆర్ (పార్టిషన్ పట్టిక ఉండే మొదటి సెక్టర్) చదివే కోడ్ పాత ప్రాజెక్ట్ నుంచి ఎత్తుకొచ్చింది, అది బైట్ బైట్‌గానే చదువుతోంది కాబట్టి 454 దగ్గర బతికిపోయాను. వార్నింగ్‌లు 40 నుంచి 6కి వచ్చాయి బాబాయ్.

బోర్డు మీద ఫైళ్ల పేర్లన్నీ వచ్చాయి. బీసీఎమ్2710తో మొదలయ్యే ఆ పొడుగు పేరు పూర్తిగా వచ్చేసరికి అరిచాను, అమ్మ లేచి వచ్చింది.

రిస్క్‌రాజు · 3:01

🎉🎉 ఫోటో పెట్టు.

రింగ్‌జీరో · రాత్రి 11:18

ఒప్పుకుంటున్నా. ఊరికే చూద్దామని నా ఎక్స్86 కెర్నల్‌కి కూడా ఆ ఫ్లాగ్ పెట్టాను. ఏసీపీఐ టేబుళ్లు (ఫర్మ్‌వేర్ ఇచ్చే హార్డ్‌వేర్ వివరాలు) చదివే దగ్గర అరుపే అరుపు. వాటిలో ఎక్స్ఎస్‌డీటీ అనే టేబుల్ హెడర్ 36 బైట్లు, దాని వెనకే 8 బైట్ల పాయింటర్ల వరుస. ఒక్కటీ ఎనిమిదికి సరిపడదు. రెండేళ్లుగా అలాగే చదువుతున్నా.

శ్రావ్య గారూ, మీ హ్యాండ్లర్ కోడ్ ఒకసారి పెడతారా? నాది మొదటి తప్పు ప్రింట్ చేసి ఆగిపోతోంది.